కొట్టేసిన స్టాపు

“ఆసుపత్రి స్టాపు దగ్గర మళ్లీ ఆగిపోయావు నాన్నా” అంటూ అమ్మాయి చెంచాతో గ్లాసు మీద ఒకసారి కొట్టింది.

ఒక దెబ్బకు ఆపమనీ, రెండు దెబ్బలకు పోనిమ్మనీ ఆ ఇంట్లో అర్థం. కండక్టరు కొలువులో చేరిన నాటి నుంచి ఈ గంటల భాషను అమ్మాయి ఇంటిదాకా తెచ్చింది. పొద్దుట ఆరింటి నుంచి ఆ గ్లాసు మీద ఒంటి దెబ్బలే గాని జంట దెబ్బలు పడలేదు.

తండ్రి గోడకు చేరగిలబడ్డాడు. చేతిలో డిపో మేనేజరు పంపిన ఉపన్యాస పత్రం ఉంది. అందులో మూడవ పేరా మీదుగా ఎర్ర పెన్సిలు గీత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగింది. మార్జినులో మేనేజరు స్వహస్తంతో కొత్త వాక్యాలు ఆరు చేర్చాడు.

“చేతిలో కాగితం ఉండనే ఉందిగా. చూసి చదివేస్తే పోలే?”

“చూసి చదివితే అది నా మాటలా ఉండదే. తప్పిపోయిన మనిషి కోసం మైకులో చెప్పినట్టుంటుంది.”

కుట్టుమిషను వెనక నుంచి తల్లి తల ఎత్తకుండానే అంది. “ముప్పయ్యేళ్లు రోడ్డు చూసి నడిపిన మనిషి. ఇప్పుడు కాగితం చూసి నడపమంటే ఎలా నడుపుతాడు, కండక్టరమ్మా? కాసేపు ఊపిరి తీసుకోనివ్వు.”

ఆయన ఉపన్యాసం కంఠస్థం చేసే విధానం లోకంలో మరొకరికి ఉండదేమో. చదువు పెద్దగా లేదు. స్టీరింగు మాన్పించి, కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పమని గదిలోకి తోసినప్పుడు, భయంతో తాను నడిపిన పాత రూటునే ఆయన ఆశ్రయించాడు. డిపో గేటు దగ్గర నమస్కారం. గడియారం బురుజు దగ్గర టైర్లు, బ్రేకులు. బడి మలుపులో పిల్లల సంగతి. ఆసుపత్రి దగ్గర ఆ ఇరవై రెండు గంటలు. చివరికి వంతెన. మనసు స్టాపు వెంట స్టాపు నడుస్తూ ఉంటే మాట దాని వెనకే వచ్చేది. డిపోలో అందరూ ఆయనను మాస్టారని పిలవడం అలా మొదలైంది. సగం గౌరవం, సగం వేళాకోళం.

ఇప్పుడు మేనేజరు ఆసుపత్రి స్టాపును కొట్టేశాడు. అది లేకుండా ఆయన వంతెన చేరలేకపోతున్నాడు.

ఆ మూడవ పేరాలో ఉన్నది చిన్న సంగతి కాదు. మూడేళ్ల కిందట ఒక రాత్రి, ఆయనను దించి బస్సు అందుకోవాల్సిన రిలీవరు రాలేదు. ఇంకొక్క ట్రిప్పు వెయ్యమని అప్పటి అధికారి అన్నాడు. ఇరవై రెండు గంటలు స్టీరింగు వదలని మనిషి తెల్లవారుజామున వంతెన ఎక్కాడు. రెప్ప పడింది. బస్సు రెయిలింగును చీల్చుకుని సగం గాలిలో నిలిచింది. పదిమంది గాయపడ్డారు. ఒక వడ్రంగి కుర్రవాడు ప్రాణం విడిచాడు.

టైరు పేలిందనీ, చనిపోయినవాడు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాడనీ విచారణ నివేదిక తేల్చింది. దాని కింద డ్రైవరు సంతకం ఉంది.

శిక్షణ గదిలో మాత్రం, తలుపులు మూసుకుని, కొత్తగా వచ్చిన ప్రతి జట్టుకూ ఆయన ఉన్నదున్నట్టు చెప్పేవాడు. “చేతకానప్పుడు చేతకాదనండి. నేను అనలేకపోయాను” అని ముగించేవాడు. విన్నవాళ్లు చాలాసేపు లేచేవారు కాదు. డిపోలో ప్రమాదాలు తగ్గాయి. తగ్గాయి గనుకనే పై వాళ్లు ఆ మాటలను విననట్టు ఊరుకున్నారు.

రేపటి సభ వేరు. బడి హాలులో భద్రతా వారోత్సవం. వినడానికి వచ్చేది ప్రయాణికులు, పత్రికలవాళ్లు, పెద్ద అధికారి. ఉపన్యాసం కాగానే పదిమంది తాత్కాలిక కండక్టర్లకు అదే వేదిక మీద పర్మనెంటు ఆర్డర్లు ఇస్తారు. నాలుగేళ్లుగా రోజుకూలి లెక్కన టిక్కెట్లు కోస్తున్న అమ్మాయి ఆ పదిమందిలో ఒకతె.

“ముందు నీ ఉపన్యాసం, తర్వాత మా కవర్లు. వరుస అర్థమైందా నాన్నా?”

“అయింది.”

“అయితే మళ్లీ గేటు దగ్గర నుంచి మొదలుపెట్టు.”

చెంచా రెండుసార్లు మోగింది. ఆయన డిపో గేటు దగ్గర నమస్కారం పెట్టాడు, బురుజు దాటాడు, బడి మలుపు తిరిగాడు. ఆపైన పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

ఈసారి అమ్మాయి గ్లాసు మీద కొట్టలేదు. టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

* * *

డిపో మేనేజరు ఆయన కంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాడు. గోడనిండా డ్యూటీ చార్టులు, వాటి కింద కొక్కేలకు బస్సుల తాళాలు. రాత్రి బస్సులు తిరిగి రాక రెండు కొక్కేలు ఖాళీగా ఉన్నా అతనికి నిద్ర పట్టదని డిపోలో చెప్పుకుంటారు. ఆయన వెళ్లేసరికి ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. ఫోను పెట్టేసి కళ్లు నులుముకున్నాడు.

“కూర్చోండి మాస్టారూ. కుదిరిందా?”

“ఆ మూడో ముక్క ఉండనివ్వండి సార్. అది తీసేస్తే నాకు దారి తప్పిపోతోంది.”

“రెండు రోజుల నుంచీ ఇదే పాట. నేనూ ఇదే జవాబు. మీరు ఎవరి ముందు మాట్లాడుతున్నారు? డ్రైవర్ల ముందు డ్రైవరు నిద్రపోయాడంటే అది పాఠం. ప్రయాణికుల ముందు అదే మాటంటే భయం. ఎల్లుండి మన బస్సు ఎవరెక్కుతారు? ఏ ఎండకా గొడుగు పట్టాలి.”

“గొడుగు మార్చమంటే మారుస్తాను సార్. మీరు ఎండనే మార్చమంటున్నారు.”

మేనేజరు నవ్వబోయి మానుకున్నాడు. “ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దని రాశాను. అందులో అబద్ధం ఉందా? చెప్పండి.”

“లేదు సార్.”

“వినేవాళ్లకు పనికొచ్చే మాటేనా?”

“పనికొచ్చేదే.”

“మరి మీ బాధేమిటి?”

ఆయన చూపు గోడ మీదికి పోయింది. ఎదురుగా ఫ్యాను గాలికి డ్యూటీ చార్టు అంచు లేచి పడుతోంది.

మేనేజరు బల్ల సొరుగు మీద అరచెయ్యి ఆనించాడు. “మీ అమ్మాయి ఆర్డరు ఇందులోనే ఉంది. మంచి పిల్ల. ఒక్క ఫిర్యాదు లేదు. రేపు పెద్దాయన చేతుల మీదుగా ఇప్పిద్దామని ఆపాను.” గొంతు తగ్గించి అన్నాడు. “నన్ను ఇబ్బంది పెట్టకండి మాస్టారూ. నా పైన కూడా మనుషులున్నారు.”

వినేవారిని బట్టి మాట మారడం దోషమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పసివాడికి చెప్పే ధర్మం ఒక రీతి, పండితుడికి చెప్పేది మరొక రీతి. సత్యాన్ని ప్రియంగా పలకమని పెద్దలు ఉపదేశించారు. ప్రియం కోసం అసత్యం పలకవద్దని దాని పక్కనే హెచ్చరించారు. ఆ రెంటికీ నడుమ ఉన్న గట్టు చాలా సన్నం. దాని మీద నడిచేవాడికి కాలు ఎప్పుడు జారిందో తెలియదు, బురద అంటాకే తెలుస్తుంది.

తాళాల చప్పుడు వింటూ ఆయన ఆ గదిలోంచి బయటికి వచ్చాడు.

* * *

ఇంటికి చేరేసరికి కుట్టుమిషను ఆగి ఉంది. పక్కన స్టూలు మీద ఒక ముసలామె కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఉంది.

భార్య గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది. “వంతెన దగ్గర పోయిన అబ్బాయి వాళ్లమ్మ. గంట నుంచీ కూర్చుంది. మీకోసమేనట.”

మూడేళ్లలో ఆమె ఆ ఇంటికి రావడం అదే మొదలు. ఆయన చెప్పులు విప్పడం మరిచి లోపలికి నడిచాడు.

“నిన్ను తిట్టడానికి రాలేదు నాయనా, కూర్చో. రేపటి మీటింగుకు నన్నూ రమ్మన్నారు. ముందు వరుసలో కూర్చోబెడతారట. ఎందుకో తెలుసునా?”

“తెలియదమ్మా.”

“ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లలకు నన్ను చూపిస్తారట. చూడండి, ఈమె కొడుకు అలాగే పోయాడు, మీ అమ్మలకు ఈ గతి పట్టించకండి అని. నలుగురి పిల్లలకు మేలు జరుగుతుందంటే కాదనలేకపోయాను.”

కాగితంలో మేనేజరు చేర్చిన ఆరు వాక్యాలూ ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆఖరి వాక్యం, “అందుకు ఉదాహరణగా ఒక తల్లి ఈనాడు మన మధ్యనే ఉన్నారు” అన్నది. పొద్దుట అమ్మాయి చదివి వినిపించినప్పుడు అది ఎవరో ఆయనకు తట్టలేదు.

“నా కోడలు రాత్రింబవళ్లూ ఒకటే మాటంటుంది” అని ముసలామె కొనసాగించింది. “లోపల సీటుండగా ఈ మనిషి మెట్టు మీద ఎందుకు నిలబడ్డాడూ అని. చచ్చిపోయినవాడి మీద కోపంతోనే బతుకుతోంది పిచ్చిది. పిల్లవాడు అల్లరి చేస్తే చాలు, నువ్వూ మీ నాన్నలాగే మొండివాడివిరా అంటుంది. వాడు తండ్రి ఫోటో వైపే చూడడు.”

కాళ్లకు ఇంకా చెప్పులున్న సంగతి ఆయన అప్పుడు చూసుకుని విప్పాడు.

“మావాడు వడ్రంగి అయితేనేం, ఉత్త పిరికివాడు నాయనా. నిచ్చెన ఎక్కాలంటే కింద ఇద్దరు పట్టుకోవాలి. వాటంగా కూర్చుని చేసే పనులే ఒప్పుకునేవాడు. అలాంటివాడు పరుగెత్తే బస్సులో మెట్టు మీద నిలబడ్డాడంటే నా మనసు ఒప్పుకోదు. కానీ కాగితంలో ఉంది. కింద నీ సంతకమూ ఉంది. పెద్దవాళ్లు అబద్ధం రాస్తారా అని ఊరుకున్నాను.”

భార్య చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలుచుంది.

“ఇంతకీ నేనొచ్చిన పని వేరు. రేపు మాట్లాడేది నువ్వేనన్నారు. నాకు ఎడమ చెవి పనిచెయ్యదు. నలుగురిలో అడగడానికి సిగ్గు. కాస్త నెమ్మదిగా, గట్టిగా మాట్లాడతావా? వాడి సంగతి ఒక్క ముక్క కూడా పోకుండా వినాలని ఉంది.”

“అలాగేనమ్మా” అన్నాడు ఆయన.

ఆమె అప్పుడు నీళ్లు తాగింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో అడిగి మరీ పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

* * *

అమ్మాయి సాయంత్రం ఆరింటికి వచ్చింది. వాచిన పాదాలను బకెట్టు నీళ్లలో పెట్టుకుని, తల్లి చెప్పినదంతా కళ్లు మూసుకుని విన్నది.

“అయితే? ఇప్పుడు చెబితే ఆమె కొడుకు లేచొస్తాడా?”

“రాడు” అన్నాడు తండ్రి.

“నా ఉద్యోగం మాత్రం పోతుంది. అదొక్కటే ఖాయం. పొయ్యేవాటిలో అది, వచ్చేవాటిలో ఏమీ లేదు. బాగుంది బేరం.”

“అమ్మాయ్!” అంది తల్లి.

“నువ్వుండమ్మా. నాలుగేళ్లు, ఆరు రూట్లు. జ్వరం వచ్చినా నుంచునే ఉన్నాను. సెలవు పెడితే పేరు తీసేస్తారని. చిల్లర కోసం తిట్లు తిన్నాను. ఇప్పుడు ఈయనగారికి సత్యం గుర్తొచ్చింది. నాన్నా, నీ నిజం అంత గొప్పదైతే ఆ సంతకం పెట్టేనాడు ఎక్కడికి పోయింది?”

బకెట్టులో నీళ్లు కదిలి, మళ్లీ నిమ్మళించాయి.

“ఆ సంతకం నేను పెట్టించాను” అంది తల్లి.

అమ్మాయి కళ్లు తెరిచింది.

“పెట్టనని ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి. నువ్వు రోజుకూలికి చేరి అప్పటికి ఏడాదే. ఈయన జైలుకు పోతే మనిద్దరం ఏమైపోతామని పెన్ను వేళ్ల మధ్య నేనే ఇరికించాను. ఆ నివేదికలో టైరు అని ఒకటి, ఫుట్‌బోర్డు అని ఒకటి ఉన్నాయి. నేను చదివాను. చదివే పెట్టించాను. పోయినవాడికి ఇంకా పోయేదేముందిలే అనుకున్నాను.” ఆమె కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసింది. “ఆ పోయినవాడికో కొడుకు ఉంటాడనీ, వాడు ఫోటో చూడడనీ నాకేం తెలుసు?”

తండ్రి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి అన్నాడు. “వినేవాళ్లను బట్టి మార్చమన్నారు. నిజమే. డ్రైవర్లకు చెప్పినట్టు వీళ్లకు చెప్పకూడదు. కానీ ఏం తీసెయ్యాలో, ఏం ఉంచాలో నాకు తేలడం లేదే తల్లీ. నువ్వేమంటావు?”

“నేనేమీ అనను.” ఆమె పాదాలు తుడుచుకుంది. “చెప్పమనీ అనను, వద్దనీ అనను. నా మెడ మీద పెట్టకు నాన్నా. రేపు తెల్లారి ట్రిప్పు ఒకటుంది.”

ఎర్ర గీత ఉన్న కాగితం బల్ల మీద అలాగే ఉండిపోయింది. దానిని ఎవరూ ముట్టుకోలేదు.

* * *

మర్నాడు పదింటికి హాలు నిండింది. వేదిక మీద పెద్ద అధికారి, పక్కన మేనేజరు, అతని ముందు పళ్లెంలో పది కవర్లు. ఎడమ వైపు గోడ వెంట పదిమంది కండక్టర్లు ఇస్త్రీ యూనిఫారాల్లో బల్ల మీద కూర్చున్నారు. ముందు వరుసలో ముసలామె కుడి చెవిని వేదిక వైపు తిప్పి సర్దుకుంది. ఆమె పక్కన కోడలు, పూర్తిగా బిగుసుకుపోయిన ముఖంతో.

ఆయన మైకు ముందు నిలుచుని, ఒక్కొక్క మాటా విడదీసి మొదలుపెట్టాడు.

“అందరికీ నమస్కారం. నేను రోజూ డ్రైవర్లతో మాట్లాడేవాణ్ణి. మీతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. అందుకని కాగితం మీద రాసిచ్చారు.”

జనం నవ్వారు. మేనేజరూ నవ్వాడు.

“మంచి కాగితమే. కదిలే బస్సు ఎక్కకండి. ఆగకముందే దిగకండి. ఫుట్‌బోర్డు మీద నిలబడకండి. ఇవన్నీ నిజాలే. మీ పిల్లలకు కూడా చెప్పండి.”

మేనేజరు తల ఊపాడు. పెద్ద అధికారి గడియారం చూసుకున్నాడు.

“ఆ తర్వాత వంతెన ప్రమాదం ఉదాహరణగా చెప్పమని ఉంది.” ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. “అది చెప్పలేను. ఆ పొద్దున ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరు.”

హాలులో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. మేనేజరు మాట్లాడుతున్న మనిషి వైపు చూడలేదు. ఎడమ గోడ వైపు చూశాడు. అమ్మాయి పక్కన కూర్చున్న కండక్టరు, తనకు తెలియకుండానే అన్నట్టు, జానెడు దూరం జరిగింది.

ముసలామె లేచి నిలబడింది. ఎవరో కూర్చోమన్నారు. ఆమెకు వినపడలేదు.

“మరి మావాడో?”

“నాలుగో వరుసలో కూర్చున్నాడమ్మా. కిటికీ పక్కన. నా అద్దంలో కనిపిస్తూనే ఉన్నాడు. పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. మొండితనమేమీ చెయ్యలేదు.”

కోడలి ముఖంలో మూడేళ్లుగా బిగిసి ఉన్నదేదో కదిలింది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

ముసలామె ఆ మాటలను లోపల ఒకటికి రెండుసార్లు అనుకుంటున్నదానిలా తల ఆడించింది. ఆపైన, కోపం ఏమాత్రం లేని గొంతుతో, ఇంటికొచ్చినవాణ్ణి భోంచేశావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

“వాడు నిద్రపోతున్నాడు. సరే. మరి నువ్వు, నాయనా?”

ఆ జవాబు ఆయన మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అడగనివాళ్లకు, మూసిన తలుపుల వెనక.

మేనేజరు చెయ్యి పళ్లెం మీదికి వెళ్లింది. పైనున్న రెండు కవర్లను పక్కకు తీసి, మూడవది తీసుకుని, తన ఫైలు కిందికి మెల్లగా తోశాడు.

అమ్మాయి అది చూసింది. చూసి లేచి నిలబడింది. తనను ఆపడానికి లేచిందో, వినడానికి లేచిందో అంత దూరం నుంచి తండ్రికి తెలియలేదు.

ఆయన నోరు తెరిచాడు.